తూకపు ఓటు

సహకార సంఘములో పది వాటాలు గలవానికిని ఒక్క వాటా గలవానికిని ఓటు ఒక్కటే. జాయింటు స్టాకు కంపెనీలో అట్లు కాదు. ఎన్ని వాటాలో అన్ని ఓట్లు. ఏ పద్ధతి న్యాయము ఆ పద్ధతికి కలదు. సంఘమని నమ్మి చేరినవారికి, తామున్నది కంపెనీలోనని ఒకనాడు తెలియవచ్చినపుడే చిక్కు వచ్చును. 2020వ సంవత్సరమున స్టీమ్ అను బ్లాక్‌చెయిన్ విషయమున జరిగినది ఇదియే.

బ్లాక్‌చెయిన్ అనగా ఒక లెక్కల పుస్తకము. షావుకారు చిట్టా షావుకారు పెట్టెలోనే ఉండును. ఆయన దిద్దినదే లెక్క. ఇచ్చట అట్లుగాక ఒకే చిట్టాకు అనేక కంప్యూటర్లలో ప్రతులుండును. ప్రతి కొత్త పుటయు పాత పుటకు లంకెవేయబడి ఉండుటచే వెనుకటి పద్దును ఎవ్వరును రహస్యముగా మార్చజాలరు. మరి కొత్త పుటను వ్రాయువారెవరు? స్టీమ్‌లో ఆ పని ‘సాక్షులు’ అనబడు 21 మందిది. వారిలో 20 మంది ఓట్లచే ఎన్నికగుదురు. మిగిలిన ఒక్క స్థానము తక్కిన అభ్యర్థులకు వంతులవారీగా వచ్చుచుండును. మూడు సెకండ్లకు ఒక పుట చొప్పున వీరు వ్రాయుదురు. నిబంధనలు మారవలెనన్న వీరిలో 17 మంది సమ్మతింపవలెను.

స్టీమ్‌ను 2016లో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనువారు ఆరంభించిరి. అందు వ్యాసములు వ్రాసినవారికిని, వానిని మెచ్చి ఓటు వేసినవారికిని ఆ చిట్టాలోని నాణెములే పారితోషికముగా ముట్టును. అయితే మొదటి దినములలో, లోకము మేలుకొనక మునుపే, స్థాపకుల కంపెనీయగు స్టీమిట్ పెద్ద మొత్తములో నాణెములను సమకూర్చుకొనెను. 2020 నాటికి అవి మొత్తములో సుమారు ఐదవ వంతు. వానిని అభివృద్ధికే వినియోగింతుమనియు, సాక్షుల ఎన్నికలో వాడబోమనియు కంపెనీ మాట ఇచ్చెను. ఏండ్ల తరబడి ఆ మాట చెల్లెను. కాని అది మాటగానే ఉండిపోయినది. చిట్టా నిబంధనలలోనికి ఎక్కలేదు. తరువాతి కలహమునకంతకును మూలమిచ్చటనే ఉన్నది.

ఓటు లెక్కను కొంత వివరముగా చూడవలెను. కూడబెట్టి బిగించిన నాణెములెన్నియో ఓటు బరువంత. ఒక్కొక్కరు 30 మంది సాక్షులకు ఓటు వేయవచ్చును. విచిత్రమేమనగా, ఆ బరువు ముప్పది పాళ్లుగా పంచబడదు. ప్రతి సాక్షికిని నిండు బరువు చేరును. కావున ఎదుటి పక్షమువారందరికన్న పిసరంత బరువు ఎక్కువగలవానికి 20 స్థానములలో పదకొండు కాదు, ఇరువదియు దక్కును. వందకు 51 గలవానికి వందయు, 49 గలవారికి సున్నయు అన్నమాట. స్టీమిట్ చేతులు ముడుచుకొని కూర్చున్నంతకాలము ఈ లోపమెవ్వరికిని నొప్పి కలిగింపలేదు.

2020 ఫిబ్రవరి 14న ఆ కంపెనీని జస్టిన్ సన్ కొనినట్లు ప్రకటన వెలువడెను. ఆయన ట్రాన్ అను వేరొక బ్లాక్‌చెయిన్ స్థాపకుడు; అంతకు ముందటి ఏడు వారెన్ బఫెట్‌తో ఒక పూట భోజనము చేయుటకు ధర్మసంస్థ వేలములో 45 లక్షల డాలర్లకు పైగా పాడిన ధనవంతుడు. కంపెనీతో పాటు ఆ నాణెములును ఆయన చేతికి వచ్చెను. పాత యజమాని ఇచ్చిన మాటకు కొత్త యజమాని కట్టుబడునా? సాక్షులు ఆ సమాధానమునకు వేచియుండలేదు. పది దినములైనను తిరుగక మునుపే కార్యక్రమమును మార్చి, ఆ నాణెములతో ఓటు వేయుటకు వీలులేకుండ చేసిరి.

సన్ వైపునుండి చూచిన ఇది తన సొమ్మును పరులు తాళము వేయుటయే. ఆ మొరను కొట్టిపారవేయరాదు. కాని మార్చి 2న ఆయన పక్షమున జరిగిన పని వేరు. బైనాన్స్, హువోబి, పొలోనియెక్స్ అను మూడు మారక కేంద్రములు, ఖాతాదారులు తమ వద్ద ఉంచిన స్టీమ్ నాణెములను బిగించి ఓటు వేసెను. ఒక్క దినములో 20 మంది సాక్షులును పడిపోయి, ఎవ్వరెరుగని కొత్త పేర్లు ఆ స్థానములలో వెలసెను. దాచుకొనిన వాని సొమ్ముతో బ్యాంకు మేనేజరు పోయి పంచాయతీ ఎన్నికలో ఓటు వేసినట్లున్నది! బిగించిన నాణెము తిరిగి చేతికి రావలెనన్న అప్పట్లో 13 వారములు పట్టెడిది. నాణెములు దాచుకొనినవారిని ఎవ్వరును ముందుగా అడిగినవారు లేరు. నిరసన చెలరేగగా, అది మామూలు సవరణయే యనుకొంటిమని బైనాన్స్ అధిపతి చాంగ్‌పెంగ్ జావో చెప్పి ఓట్లు ఉపసంహరించుకొనెను, హువోబియు ఉపసంహరించుకొనెను.

ఇంతలో చిన్న చిన్న మదుపుదారులు ఉన్న నాణెములన్నింటిని బిగించి, ఎన్నడును ఓటు వేయనివారిని సైతము తట్టిలేపి, కొన్ని స్థానములు తిరిగి గెలుచుకొనిరి. కాని 17 ఏ పక్షమునకును దక్కలేదు.

అపుడు వారు చేసిన పని భూమి విషయమున గాని కర్మాగారము విషయమున గాని సాధ్యమగునది కాదు. చిట్టా ప్రతి అందరి ఇండ్లలోను ఉన్నది గదా! 2020 మార్చి 20న ఆ ప్రతిని తీసికొని హైవ్ అను పేర వేరు చిట్టా తెరచిరి. స్టీమ్‌లో ఎవరికెంత ఉన్నదో వారికి హైవ్‌లోను అంతయే వచ్చెను. స్టీమిట్ నాణెములకు మాత్రము చోటు లేదు. సన్ సాక్షులకు ఓటు వేసిన కొందరికిని లేదు. ఈ రెండవ మినహాయింపు విడిపోయినవారికి శోభ కూర్చునది కాదు. ఓటు వేసినందుకు వెలివేయుట, సంఘము పేరు చెప్పి చేసినను, వెలియే.

స్టీమ్‌లో మిగిలినవారు అంతకు మించిరి. మే 20న నిబంధనలు మార్చి, 64 ఖాతాలనుండి సుమారు 2 కోట్ల 36 లక్షల నాణెములను, అనగా నాటి ధరకు ఏబది లక్షల డాలర్ల సొత్తును, లాగుకొనిరి. ఆ సొత్తు చేరిన ఖాతానుండి ఎవరో దానిని బిట్రెక్స్ అను మారక కేంద్రమునకు పంపి, అసలు సొంతదారులకు అప్పగింపుమని చీటి జతచేసిరి.

హైవ్‌లోను ఓటు తూకముచేతనే నడచుచున్నది. నాణెము కొలదియే బరువు. ముప్పది మందికిని నిండు బరువే. 2020 అక్టోబరులో మాత్రము ఒక నిబంధన చేర్చిరి: కొత్తగా బిగించిన నాణెములకు 30 దినములు గడచిన పిదపగాని సాక్షుల ఎన్నికలో ఓటు లేదు.