నొప్పి తగ్గితే జబ్బు పోయినట్టేనా?

పిల్లలూ! చెవిపోటు మీరెరుగనిది కాదు. అయితే మధుమేహం ఉన్న ముసలివారిలో ఒక్కొక్కప్పుడు అది చెవితో ఆగక, పుర్రె అడుగు ఎముకలోకి పాకుతుంది. ప్రాణానికే ముప్పు! సామాన్యంగా 6 వారాలకు తక్కువ కాకుండా మందులు వాడాలి.

నొప్పి మాత్రం ముందే తగ్గిపోతుంది. "ఇంకా మందెందుకర్రా?" అంటారు తాతగారు. లోపల సూక్ష్మజీవులు చచ్చాయో, దాగాయో తెలిసేదెట్లా? సి.టి. స్కాన్ తీస్తే, ఎముక తినివేసిన గుర్తులు జబ్బు నయమైనా చాలాకాలం కనిపిస్తాయి. మందు ఎప్పుడు ఆపాలో అది చెప్పలేదు.

అందుకని కొందరు వైద్యులు గాలియం-67 అనే పదార్థాన్ని రవంత నరంలోకి ఎక్కిస్తారు. బెల్లానికి చీమలు చేరినట్టు అది రోగం రగిలే చోట చేరి, కంటికి కనబడని కిరణాలు వెదజల్లుతుంది. గామా కెమెరా వాటిని పట్టి బొమ్మ కడుతుంది. కొన్ని వారాలకు మళ్ళీ తీసిన బొమ్మలో ఆ మెరుపు ఇంకా మిగిలి ఉంటే, నొప్పి లేకపోయినా తాతగారికి మందు తప్పదు!