ఒక్క కనెక్షను, రెండు కంప్యూటర్లు

ఇంట రెండు పాత కంప్యూటర్లున్నచో రెండు ఇంటర్నెట్టు కనెక్షన్లు కావలయునని కొందఱు తలంతురు. అది నిజము కాదు. 1999లో వెలువడిన విండోస్ 98 రెండవ కూర్పునందే కనెక్షనును పంచుకొను సదుపాయము కలదు. అయితే ఆ పద్ధతిలో మొదటి కంప్యూటరు ఆపినంతనే రెండవదానికిని దారి మూసికొనిపోవును. అన్న పాఠము ముగిసిన తోడనే చెల్లెలి పాఠమును నిలిచిపోవును.

కావున పంపకమును రౌటరునకే యప్పగింపవలెనని మా యభిప్రాయము. అది రెండింటికిని వేఱువేఱు చిరునామాల నిచ్చును. వైఫై లేని పాత యంత్రమునకు తీగ చాలును.

ఒక్క హెచ్చరిక. రక్షణ సవరణలు ఆగిపోయిన యంత్రము తోడిదానికిని కీడు తేగలదు. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14న ముగిసినది. అట్టి యంత్రములలో ఉచితముగా దొరకు లినక్సును నెలకొల్పుట మేలు.

తలిదండ్రులారా! చెల్లెలి చదువు అన్న దయపై నాధారపడకుండునట్లు దారి తెఱచి యుంచుడు.