ప్రచారమును పరుల కప్పగింప వచ్చునా?



చిన్న వ్యాపారులు జీతమిచ్చి మనిషిని పెట్టుకొనుటకంటె ప్రచారభారమును బయటి సంస్థల కొప్పగించుటయే లాభకరమని గత సంచికలో వెలువడిన వ్యాసముతో నేనేకీభవింపజాలను. వ్యాసకర్త నెలజీతమును లెక్కించిరి గాని, సంస్థ రుసుముపై పడు 18 శాతము జి.ఎస్.టి.ని లెక్కింపలేదు, కాంపొజిషన్ పద్ధతిలో పన్ను చెల్లించు దుకాణదారునకు ఆ సొమ్ము తిరిగి జమ కాదు గదా!

సొమ్ము లెక్క అటుంచి, ప్రచారపు తీరును చూతము. 1893లో బొంబాయిలో అమృతాంజనము సంస్థను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో తన నొప్పిమందును ఉచితముగా పంచిపెట్టించి, శ్రోతల చేతికే మందునందించి ఖ్యాతి గడించిరి. తన సరకును, కొనువారిని తానే యెరిగినవానికి తోచెడి ఉపాయమది.

మా మచ్చ బొల్లారములో నొక పచ్చళ్ల దుకాణమున్నదనుకొనుడు. కంటోన్మెంటునుండి వచ్చు సైనిక కుటుంబములకు ఎంత కారము సరిపడునో, అల్వాల్ వైపు కొత్త అపార్టుమెంట్లవారు ఏ వేళ కొనవత్తురో, దుకాణములో నిలిచి నాలుగు మాటలాడినవానికి తెలియును గాని, పది ఊళ్లకు ఒకే అచ్చు ప్రకటన నంపు దూరసంస్థకు తెలియుటెట్లు? ఫొటోలు తీయుట, బోర్డు వ్రాయించుట వంటి అప్పుడప్పటి పనులను బయటివారికిచ్చుటలో నాకాక్షేపణ లేదు. కొనువారితో మాటలాడు పనికి మాత్రము, ఇంటరు చదివిన మన వీధి పిల్లనో పిల్లవానినో తగిన జీతమిచ్చి నియమింపుడని తోటి వ్యాపారులను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మచ్చ బొల్లారము