పాత ఖాతాకు కొత్త కంప్యూటరు: విలీనాల నడుమ సరిహద్దు రైతు

2025 మే 1న దేశంలోని గ్రామీణ బ్యాంకుల సంఖ్య 43 నుంచి 28కి తగ్గింది. ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ అన్న విధానం మేరకు కర్ణాటకలోని రెండు బ్యాంకులు ఏకమై బళ్లారి ప్రధాన కార్యాలయంగా కర్ణాటక గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు బ్యాంకులు ఒక్కటై అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మార్చడానికి ఒక పూట చాలును. బోర్డు వెనుకనున్న ప్రోగ్రాములను కలపడం అంత సులభం కాదు.

సత్యనారాయణపేటలో కాపురం, విడపనకల్లు లేక డి.హీరేహాళ్ మండలంలో పొలం ఉన్న కుటుంబాలకు ఈ సంగతి మరింత దగ్గరిది. విలీనానికి ముందు ఇరువైపుల గ్రామీణ బ్యాంకులకూ కెనరా బ్యాంకే ప్రాయోజక బ్యాంకు. అనంతపురం, కర్నూలు జిల్లాలకు సేవలందించిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు మొదట సిండికేట్ బ్యాంకు ప్రాయోజకత్వంలో ఉండి, 2020 ఏప్రిల్ 1న సిండికేట్ కెనరాలో కలిసిపోవడంతో కెనరా నీడకు వచ్చింది. ఇప్పుడది యూనియన్ బ్యాంకు ప్రాయోజకత్వంలోని సంస్థలో భాగం. రైతు ఊరు కదలలేదు. ఆయన ఖాతా మాత్రం ఐదేళ్లలో మూడు ఇళ్లు చూసింది.

కొత్త కంప్యూటరు రాగానే పాత ప్రోగ్రాము చెత్తబుట్టకు చేరుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకు శాఖలకు లెడ్జరు యంత్రాలనూ, ప్రాంతీయ కార్యాలయాలకు మినీ కంప్యూటర్లనూ సూచించినప్పటి నుంచి ఒక తరం లెక్కల మీద మరొక తరం లెక్క పేరుస్తూ వచ్చారు. ఇటువంటి మధ్యతరహా వ్యాపార యంత్రాలలో ఐబిఎం సంస్థ 1988లో వెలువరించిన ఏఎస్/400 ప్రసిద్ధమైనది. 1995లో దాని ప్రాసెసరును 48 బిట్ల నుంచి 64 బిట్లకు మార్చినప్పుడు సైతం వినియోగదారులు తమ పాత ప్రోగ్రాములను తిరగరాయవలసిన అవసరం కలుగలేదు. ప్రోగ్రామును నేరుగా ప్రాసెసరుకు కట్టివేయక, నడుమ ఒక పొరను ముందే ఉంచడమే అందుకు కారణం. యంత్రం మారితే ఆ పొరే అనువదించుకుంటుంది.

అంతమాత్రాన పాత, కొత్త ప్రోగ్రాములు దేనితో దేనినైనా కలపవచ్చునని కాదు. పాత ఇనుప గొట్టానికి కొత్త ప్లాస్టిక్ గొట్టం బిగించాలంటే నడుమ సరైన కప్లింగ్ ఉండాలి కదా. ఇక్కడా అంతే. పాత ప్రోగ్రాము పేరుకు 30 గడులు కేటాయించగా, కొత్తది 40 గడులు చదివితే తండ్రి పేరులోని అక్షరాలు కొడుకు పేరులో చేరతాయి. రెండు ప్రోగ్రాములూ విడివిడిగా నిర్దోషులే. దోషం అతుకులో ఉంటుంది.

సిండికేట్ విలీనమే ఇందుకు మంచి నిదర్శనం. ‘ఎస్‌వైఎన్‌బి’తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సి సంకేతాలు 2021 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. కొత్త సంకేతం పుట్టించిన సూత్రం అతి సరళం: మొదటి నాలుగు అక్షరాలు ‘సిఎన్‌ఆర్‌బి’గా మార్చి, శాఖ సంఖ్యకు పదివేలు కలపడమే. ఎనిమిదో తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. ఈ మార్పిడిని యంత్రమే చేసుకొనేలా మరికొన్ని సంవత్సరాలు ఉంచి ఉంటే నష్టమేమిటి? పాత సంకేతాలను శాశ్వతంగా మోయడం బ్యాంకులకూ భారమే, కాదనలేము. కానీ ఆ భారమంతా కూలి మానుకుని శాఖకు వెళ్లే ఖాతాదారుడి మీద పడవేయడం న్యాయమనిపించుకోదు.

ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో అతుకు మరింత సున్నితం. పీఎం కిసాన్ సొమ్ము గానీ, కర్ణాటక గృహలక్ష్మి సొమ్ము గానీ ఖాతా సంఖ్యను వెతుక్కుంటూ రాదు. జాతీయ చెల్లింపుల సంస్థ వద్దనున్న పట్టికలో ఆ ఆధార్ సంఖ్యకు ఎదురుగా బ్యాంకు గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది. సొమ్ము ఆ బ్యాంకుకు చేరిన పిదప ఏ ఖాతాలో వేయాలో బ్యాంకు ప్రోగ్రాము తేల్చుకుంటుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. చివరిసారి అనుసంధానించినదే నిలుస్తుంది. అటు, ఇటు రెండు ఖాతాలు గలవారు ఒకచోట వేచి చూస్తుండగా సొమ్ము మరొకచోట జమ అయి ఉండవచ్చు.

పేర్ల తంటా సరేసరి. ఎర్రిస్వామి అన్న పేరును ఇంగ్లీషులో ఒక రాష్ట్రపు గుమాస్తా ‘ఇ’తో మొదలుపెడితే, మరొక రాష్ట్రపు గుమాస్తా ‘వై’తో మొదలుపెడతాడు. మనిషికి ఇద్దరూ ఒకరే. అక్షరానికి అక్షరం పోల్చే ప్రోగ్రాముకు మాత్రం ఇద్దరు.

కావున శాఖకు వెళ్లినప్పుడు ‘నా ఆధార్ ఇప్పుడు ఏ బ్యాంకుకు కలిసి ఉన్నది?’ అని మొదట అడగాలి. ఖాతా సంఖ్య గానీ, ఐఎఫ్ఎస్‌సి గానీ మారినట్లయితే పాత పాసుపుస్తకంలో పాత సంఖ్య పక్కనే కొత్తది రాయించి మేనేజరు చేత సంతకం, ముద్ర వేయించుకోవాలి. పంట రుణం తీరి తాకట్టు పత్రాలు చేతికి వచ్చేవరకు ఆ పుస్తకాన్ని పారవేయరాదు. తాకట్టు కాగితంలో ఉండేది పాత సంఖ్యే.