ప్రయాణమునకు ఒకే లెన్సు

సెలవు దినము వచ్చినచో మిర్యాలగూడ నుండి హాలియా మీదుగా నాగార్జునసాగరమునకు పోవు కుటుంబములు పెక్కు. సంచిలో పులిహోర డబ్బా, మెడలో కెమెరా. చేతిఫోనే చాలునను వారితో మాకు తగవు లేదు. కెమెరా కొనదలచిన సోదరీమణులు మాత్రము తరచుగా మమ్మడుగు ప్రశ్న యొకటి గలదు: మాటిమాటికి మార్చు పని లేక, అన్నిటికిని పనికివచ్చు జూమ్ లెన్సు ఏది?

ఈ కోరిక న్యాయమైనదే. లాంచీపై నీటి తుంపరలు, బాటపై దుమ్ము. లెన్సు విప్పినచో ఆ దుమ్ము లోపలి సెన్సారుపై వ్రాలును. ఒడిలో బిడ్డ నుంచుకొని లెన్సు మార్చుట యెవరి తరము? 35 మిల్లీమీటర్ల ఫిలిము కెమెరాలకు తొలి జూమ్ లెన్సు 1959లో జూమార్ అను పేర వెలువడెను. దాని వ్యాప్తి 36 నుండి 82 వరకే. టామ్రాన్ వారు 2021లో తెచ్చిన లెన్సు 18 నుండి 300 వరకు సాగును. అంగడివాడు ఆ పెద్ద అంకెనే చూపి మనలను మురిపించును.

మా అభిప్రాయములో చిన్న అంకెయే ముఖ్యము. అంకె తగ్గినకొలది దృశ్యము విశాలమగును. సామాన్యముగా ఇండ్లలో కొను ఏపీఎస్-సీ కెమెరాలలో సెన్సారు చిన్నది. వానికి 18తో మొదలగు లెన్సు తగును. లాంచీలో ఎదురెదురు బల్లలపై కూర్చున్న వారందరు నిముడుదురు. పెద్ద సెన్సారునకై చేసిన 28 మొదలగు లెన్సును దీనికి తగిలించినచో అంచున నున్న అత్తగారును పిన్నమ్మయు చిత్రము వెలుపలనే మిగులుదురు! ఇక దూరమునకా? ఎత్తిపోతల జలపాతము సుమారు 70 అడుగుల యెత్తు. ఎదుటి గట్టునుండి చూచువారికి 135 ధారాళముగా చాలును. పక్షులపై మక్కువ గలవారికే 300 కావలయును.

వెలుతురు మాట మరువరాదు. ఎఫ్ అంకె రెట్టింపైనచో లోనికి వచ్చు వెలుతురు నాలుగవ వంతగును. పెద్ద జూములు చివరకు లాగినపుడు ఎఫ్/6.3కు దిగజారును. నాగార్జునకొండ ప్రదర్శనశాల వంటి నీడపట్టున (అనుమతి ముందుగా నడిగియే) ఇది బాధించును. చేతివణకు నణచు ఏర్పాటు కదలని శిల్పమునకు ఉపకరించును గాని, పరుగెత్తు బిడ్డకు గాదు.

కావున 18-135 కొనుడని మా సలహా. సోనీ వారు 2018లో తెచ్చిన ఆ కొలత లెన్సు 325 గ్రాములు. పైన జెప్పిన 18-300 బరువు 620. మధ్యాహ్నమువరకు మెడయే తీర్పు చెప్పును. మిగిలిన సొమ్ముతో వీలున్నచో 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 చిన్న లెన్సు నొకదానిని కొని యింట నుంచుడు. సంధ్యవేళ అరుగుపై కూర్చున్న తాతగారి ముఖమునకు దానిని మించినది లేదు. పాత లెన్సు కొనువారు దీపమున కెదురుగా పట్టి లోపల బూజు గలదేమో చూడవలెను. ఏది కొన్నను మీ కెమెరా మౌంటునకు సరిపోవలయును.

1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కొరకు జెనానా స్టూడియో తెరచి, దాని నొక ఆంగ్ల వనిత కప్పగించెను. నాడు చిత్రము తీయించుకొనుటకే స్త్రీలకు వేరు మందిరము కావలసివచ్చెను. నేడు కెమెరా మన చేతనే యున్నది. అందుచేతనే కాబోలు, ఇంటి ఆల్బములో అందరు నుందురు గాని తీసిన యిల్లాలు కానరాదు. లెన్సును 18పై నుంచి, కెమెరాను పిట్టగోడపై నిలిపి, పది సెకండ్ల టైమరు పెట్టుడు. విశాలమైన లెన్సులో అంచున నున్న ముఖము సాగినట్లగపడును గనుక, పరుగున వచ్చి నడుమనే నిలువవలెను.