నారాయణగూడ బడి కాగితాలు మీ ఇంట్లో ఉన్నాయేమో చూడండి

హైదరాబాదు నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాలలో చదివిన అమ్మమ్మో నానమ్మో మీ ఇంట్లో ఉంటే, ఈ విన్నపం మీకే.

1928లో ఆ బడి పెట్టినప్పటి పేరు ఆంధ్ర బాలికోన్నత పాఠశాల. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. పై చదువు మాత్రం ఉర్దూలో. ఖానగీ (ప్రైవేటు) బడికి సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట ఆడపిల్లలకు హైస్కూలు పాఠాలు తెలుగులోనే చెప్తామని మాడపాటివారు, ఆయన మిత్రులు పట్టుబట్టారు. పాఠాలైతే చెప్తారు, పరీక్ష ఎవరు పెడతారు? ఉర్దూలో నడిచే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ దారి లేదు. చివరికి పుణెలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం తెచ్చుకున్నారు. ఊళ్లో విశ్వవిద్యాలయం ఉండగా ఎక్కడో పుణె పట్టా కోసం కూతుళ్లను చదివించిన తల్లిదండ్రుల తెగువ, నా దృష్టిలో, మాడపాటివారి పట్టుదలకేమీ తీసిపోదు.

ఇందులో ఓ తమాషా ఉంది. 1921 నవంబరులో హైదరాబాదు సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువారి కోసం ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సభకు అధ్యక్షులు ఎవరనుకున్నారు? ఈ కర్వేగారే!

మాడపాటివారి గురించి చాలానే రాశారు. హైదరాబాదు తొలి మేయరు, 1955లో పద్మభూషణ్. ఆ బెంచీల మీద కూర్చున్న పిల్లల మాట మాత్రం ఎక్కడో గాని వినపడదు.

అందుకే అడుగుతున్నాను. ట్రంకు పెట్టెల అడుగున, బీరువా పై అరలో వెతకండి. సర్టిఫికెట్లు, నోటు పుస్తకాలు, తరగతి ఫొటోలు, బడి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఏది దొరికినా పాత కాగితమని తూకానికి వేయకండి. చిరుగులకు సెల్లో టేపు అంటించకండి, మరక పడుతుంది. ఫోనుతో ఫొటో తీసి, ఎవరిదో, ఏ ఏడాదిదో రాసి, ఒక ప్రతి పాఠశాలకు అందజేయండి. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.

నిజాం కాలంలో అక్కడ చదివినవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడో దాటో ఉంటాయి. బడికి ఎవరు దిగబెట్టేవారు, లెక్కలు తెలుగులో ఎలా చెప్పేవారు, పెళ్లి కుదిరాక చదువు సాగనిచ్చారా మాన్పించారా, అడగండి. ఫోనులో రికార్డు చేయండి. పెట్టెల సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఈ ఆదివారమే ఆ అమ్మమ్మ పక్కనో నానమ్మ పక్కనో కూర్చోండి.