ఖాళీ గడి, సున్నా

బి.కాం. చదివినవారికి అసంపూర్తి లెక్కల అధ్యాయం గుర్తుండే ఉంటుంది. కొట్టు యజమాని పద్దులు సరిగా రాయడు. పాసుబుక్కు, సరుకు బిల్లులు, బాకీల చీటీలు ముందేసుకుని ఏడాది అమ్మకం ఎంతో మనమే తేల్చాలి. పరీక్షల్లో నాకు అందులోనే మంచి మార్కులు వచ్చేవి. ఉద్యోగంలో మాత్రం అక్కడే తప్పాను.

1998 సంగతి. ఉత్తర చెన్నైలో ఒక బ్రాంచిలో పని చేస్తున్నాను. కాశిమేడు నుంచి ఒకావిడ వలల కోసం అప్పుకు వచ్చింది. తాతలనాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగే. భర్త కట్టుమరం మీద వేటకు వెళతాడు, ఈవిడ గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. వేలం చీటీలున్న రోజుల ఆదాయం రాసుకుని, చీటీ లేని గడులన్నిట్లో సున్నాలు వేశాను.

"ఇంట్లో వొండుకున్న నెత్తళ్ళు, నేను ఈదుల్లో అమ్మింది, ఇయన్నీ యాడికి బొయినాయి సార్?" అంది.

"కాగితం లేదు కదమ్మా" అన్నాను. అప్పు మంజూరు కాలేదు.

ఈమధ్య కెనడాలో డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త బృందం చేసిన పని గురించి చదివాక ఆవిడ మళ్ళీ గుర్తుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950 నుంచి దేశాలవారీగా చేపల పట్టు లెక్కలు ప్రచురిస్తోంది. చిన్న పడవలు పట్టింది, ఇంట్లో తిన్నది, పట్టి తిరిగి సముద్రంలో పారేసింది వాటిలో చాలావరకు చేరవు. తెలియదని వదిలేసిన గడి, కూడేటప్పుడు సున్నా అయిపోతుంది. తరువాత ఎప్పుడో ఆ చిన్న పడవల్ని లెక్కించడం మొదలుపెడితే పట్టు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి అప్పటికి సముద్రంలో చేపలు తగ్గుతూ ఉండవచ్చు!

వాళ్ళు పాత నివేదికలు, పడవల సంఖ్య, జనాభా, మనిషి తినే చేప ఎంత అన్నవి పోగుచేసి, తెలిసిన రెండేళ్ళ మధ్య తెలియని ఏళ్ళను అంచనా కట్టారు. అచ్చంగా మన అసంపూర్తి లెక్కలే. మన తెలుగువాళ్ళున్న మారిషస్ కూడా ఇలా తిరిగి లెక్కకట్టిన ద్వీపాల్లో ఒకటి. 2016లో ప్రపంచం మొత్తానికి ప్రకటించారు: 1996లో దేశాలు చెప్పింది 8.6 కోట్ల టన్నులు, వీళ్ళకు తేలింది 13 కోట్లు. ఆ తరువాతి తగ్గుదల కూడా దేశాలు చూపినదానికన్నా వేగంగా ఉందట. ఈ అంచనాలను ఒప్పుకోని నిపుణులూ ఉన్నారు. ఉండాలి కూడా, అంచనాను అంచనా అనే రాసుకోవాలి. కానీ సున్నా కూడా ఒక అంచనాయే, అదీ అన్నిటికన్నా తప్పుడుది.

మన దేశంలో 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఎంచుకున్న రేవులకు, ఎంచుకున్న రోజుల్లో వెళ్ళి పడవల పట్టు చూసి మొత్తం అంచనా వేస్తారు. నేను రేవు దాకా వెళ్ళనవసరం కూడా లేదు. రోజుకు ఎన్ని గంపలు, నెలలో వేట లేని రోజులెన్ని, ఇంట్లో తినేవాళ్ళెందరు అని మూడు ప్రశ్నలు అడిగితే సరిపోయేది.

పోయిన ఆదివారం వంజరానికని కాశిమేడు వెళ్ళి, ధర విని నెత్తళ్ళతో సరిపెట్టుకున్నాను. ఆవిడ కనిపించలేదు. నాకు అమ్మిన ముసలామె తూకం అయ్యాక అడక్కుండానే గుప్పెడు కొసరు వేసింది.